కేక్ కోసేస్తే ఈఆర్పీ సక్సెస్ అయిపోయినట్టేనా?

పొద్దున మా ఫ్యాక్టరీ గేటుకి ఫ్లెక్సీ కట్టారు. "ఈఆర్పీ అమలు విజయవంతం, అందరికీ అభినందనలు" అని పెద్ద పెద్ద అక్షరాలు, కింద వరసగా దాన్ని పెట్టించిన కన్సల్టెంట్ల ఫోటోలు. ఈఆర్పీ అంటే కొనుగోలు నుంచి జీతాల దాకా కంపెనీ లెక్కలన్నీ ఒకే చోట నడిపే సాఫ్ట్‌వేర్. పదకొండింటికి కాన్ఫరెన్స్ హాల్లో కేక్ కోశారు. అదే టైముకి గేటు బయట తోతాపురి మామిడికాయ లోడు ట్రాక్టర్లు రోడ్డు మీద దాకా బారులు తీరి ఉన్నాయి. వేబ్రిడ్జి దగ్గర తూకం చీటీ రావట్లేదు. వెండర్ కోడ్, అంటే సరుకు అమ్మేవాళ్లకి సిస్టమ్ ఇచ్చే నంబరు, లేదని సిస్టమ్ మొరాయిస్తోంది. కేక్ ముక్క ప్లేట్లో పెట్టి నా టేబుల్ మీదకి పంపారు. వెనక్కి పంపేశాను.

కంపెనీ పేరు రాయను. చిత్తూరు చుట్టుపక్కల వాళ్లకి జ్యూస్ ఫ్యాక్టరీ అంటే ఏమిటో నేను చెప్పనక్కర్లేదు. బంగారుపాళెం, దామలచెరువు, పూతలపట్టు, జూన్ వచ్చిందంటే ఏ రోడ్డు పట్టుకున్నా కాయ లోడ్లే. మాకు గుజ్జు ఆడేది ఆ రెండు మూడు నెలలే. మిగతా ఏడాదంతా ఆ డ్రమ్ములు అమ్ముకోవడం, మెషీన్లు బాగు చేసుకోవడం. అలాంటిది, ఉన్న పన్నెండు నెలల్లో వెతికి వెతికి ఈ నెలలోనే పాత లెక్కల పద్ధతి ఆపేసి కొత్త సిస్టమ్ మీదకి మారమన్నారు. ఇది ఎవరి బుర్రలో పుట్టిన ఆలోచనో నాకు తెలియాలి.

నిజానికి ఏప్రిల్ ఒకటికి మొదలవ్వాలి. కొత్త ఆర్థిక సంవత్సరం, ఓపెనింగ్ బ్యాలెన్సులు ఎక్కించుకోవడం సులువు, ఫ్యాక్టరీ ఖాళీ. అది సరైన తేదీ. ఐటెమ్ మాస్టర్ (సిస్టమ్‌లో ఎక్కించే సరుకుల జాబితా) రెడీ కాలేదని మే నెలకి జరిపారు, ప్రింటర్లు రాలేదని జూన్‌కి జరిపారు. జూన్‌కి వచ్చేసరికి మేమంతా నెత్తీ నోరూ కొట్టుకుని చెప్పాం, సీజన్ అయ్యాక సెప్టెంబర్‌లో పెట్టుకుందాం సార్ అని. ససేమిరా అన్నారు. కన్సల్టెంట్ల బిల్లులో పెద్ద వాయిదా గో-లైవ్ తేదీకి, అంటే సిస్టమ్ మొదలయ్యే రోజుకి, ముడిపడి ఉందట! వాళ్ల వాయిదా కోసం రైతు రోడ్డు మీద నిలబడాలా?

ఈ పొద్దున్నే ఒక పెద్దాయన సంగతి చూడండి. కాయ కోసి తెల్లారకముందే లోడు తెచ్చాడు. పట్టాదారు పాసుపుస్తకం వాళ్ల నాయన పేరు మీద ఉంది, ఆ నాయన పోయి చాలా ఏళ్లయింది. బ్యాంకు ఖాతా ఈయన కొడుకుది. ట్రాక్టర్ పక్క ఊరి వాళ్లది. మన జిల్లాలో ఇది వింతా? ఇంటింటా ఇదే కథ. సిస్టమ్‌లో మాత్రం పాసుపుస్తకం పేరు, ఖాతా పేరు, ఆధార్ పేరు మూడూ ఒకటై ఉంటేనే వెండర్ కోడ్ పుడుతుంది. తేడా ఉంటే హెడ్డాఫీసు అప్రూవల్‌కి వెళ్తుంది. అప్రూవ్ చెయ్యాల్సిన పెద్దమనిషి మా కాన్ఫరెన్స్ హాల్లోనే ఉన్నాడు, కేక్ దగ్గర. "ఏమ్మా, పుస్తకంలో మా నాయన పేరుంటే కాయ నాది కాకుండా పోతుందా?" అని లోడు తెచ్చిన పెద్దాయన నన్ను అడిగాడు. ఏం చెప్పాలి ఆయనకి? జూన్ ఎండలో కోసిన కాయ గంట గంటకీ బరువు తగ్గుతుంది, లోడులో అడుగున ఉన్నది నలిగిపోతుంది. ఆ తరుగు ఎవరి ఖాతాలో వేస్తారు? రైతు ఖాతాలోనే. ట్రాక్టర్ వెయిటింగ్ బాడుగా ఆయనదే.

నేను కంప్యూటర్లకి వ్యతిరేకమని రేపు ఎవడో ఒకడు అంటాడు. ముందే చెప్తున్నా, ఈ ఈఆర్పీ కావాలని అందరికంటే ముందు అడిగింది నేనే. కొనుగోలు, స్టోర్స్, ఉత్పత్తి, అమ్మకం, జీతాలు, ఖాతాలు, అన్నీ ఒకే చోట ఒకే లెక్కలో ఉంటే ఎంత హాయో రోజూ ఐదు ఎక్సెల్ షీట్లు కలిపి చూసుకునే మాకు తెలిసినంత ఎవరికీ తెలియదు. 2025 సీజన్ గుర్తుందిగా? రేటు పడిపోయి రైతులు గగ్గోలు పెడితే ఫ్యాక్టరీలు కిలోకి 8 రూపాయలు, ప్రభుత్వం 4 రూపాయలు, కలిపి 12 అన్నారు. ఆ నాలుగు రూపాయలు అసలైన రైతుకే చేరాలంటే ఎవరి కాయ, ఎంత బరువు, ఏ తేదీ అన్న లెక్క పక్కాగా ఉండాలి. నోటుబుక్కులో కొట్టివేతలతో అది కుదరదు. సిస్టమ్ కావాల్సిందే. కానీ తెచ్చే తీరు ఇదా?

పోనీ మేం చెప్తే వినలేదు సరే, లోకంలో జరిగిందైనా చూడాలి కదా. అమెరికాలో హర్షీ చాక్లెట్ కంపెనీ కథ ఈ ఈఆర్పీ చదువు చదివిన ప్రతివాడికీ పాఠమే. దాదాపు 11 కోట్ల 20 లక్షల డాలర్ల ప్రాజెక్టు. 48 నెలలు పడుతుందన్నదాన్ని 30 నెలల్లో ముగించమన్నారు. 1999 ఏప్రిల్‌లో, అమ్మకాలు తక్కువగా ఉండే రోజుల్లో మారాల్సింది, జూలైకి జారింది. జూలై అంటే అక్టోబర్ చివర వచ్చే హాలోవీన్ పండక్కి ఆర్డర్లు వచ్చి పడే సమయం. వాళ్లకి అది మన తోతాపురి సీజన్ లాంటిదన్నమాట. ఏమైంది? సరుకు గోడౌన్లలో ఉంది, దుకాణాలకి చేరలేదు. 10 కోట్ల డాలర్ల ఆర్డర్లు పంపలేకపోయారు. ఆ మూడు నెలల లాభం 19 శాతం పడిపోయింది. ఏప్రిల్ నుంచి జారడం, సీజన్ నెత్తిన వచ్చి కూర్చోవడం, మా కథ అచ్చం అదే కదా! పాతికేళ్ల కిందట ప్రపంచమంతా చూసిన తప్పుని చిత్తూరులో డబ్బిచ్చి మరీ చేయించుకుంటున్నాం.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. హర్షీ వాడిన ఈఆర్పీ సాఫ్ట్‌వేర్ పేరు ఎస్‌ఏపీ. అదే హర్షీ 2002లో అదే ఎస్‌ఏపీ కొత్త వెర్షన్‌కి మారింది. ఈసారి గట్టిగా పరీక్షలు చేసుకుని మారింది, సాఫీగా జరిగిపోయింది. కంపెనీ అదే, సాఫ్ట్‌వేర్ అదే. కాబట్టి సాఫ్ట్‌వేర్‌ని తిట్టి ప్రయోజనం లేదు, ఎప్పుడు మారాలో నిర్ణయించిన వాళ్లని అడగాలి. అలాగని మన పాత అలవాట్లన్నిటికీ సాఫ్ట్‌వేర్‌ని వంచమనీ నేను అనను. జర్మనీ సూపర్‌మార్కెట్ లిడిల్ అలా వంచబోయే 2018లో మొత్తం ప్రాజెక్టే ఆపేసుకుంది. అప్పటికి 50 కోట్ల యూరోల దాకా పోయాయని వార్తలొచ్చాయి. సరుకుని కొన్న ధరకి లెక్కేసుకోవడం వాళ్ల అలవాటు, సాఫ్ట్‌వేర్ మామూలుగా అమ్మే ధరకి లెక్కేస్తుంది. ఆ ఒక్క అలవాటు వదులుకోలేదు. ఏది మార్చుకోవచ్చో ఏది మార్చుకోకూడదో తేల్చేది పని తెలిసినవాళ్లు. వాళ్లని పిలవాలి, కూర్చోబెట్టి వినాలి.

మమ్మల్ని పిలిచింది ఒక్క యూఏటీకే. అంటే వాడేవాళ్లు వాడి చూసి బాగుందని సంతకం పెట్టే పరీక్ష. పరీక్షకి ఇచ్చిన డేటాలో రైతుల పేర్లు "వెండర్ ఎ", "వెండర్ బి". ఎ గారికి పాసుపుస్తకం గొడవ ఉండదు, బి గారికి ఆధార్‌లో ఇంటిపేరు తప్పు పడదు. అన్నీ పచ్చ టిక్కులు. పోయిన సీజన్ చీటీల కట్ట తీసి అవి ఎక్కించి చూద్దాం సార్ అంటే టైము లేదన్నారు. సంతకాలు పెట్టండి, మిగతావి సపోర్ట్‌లో చూస్తాం అన్నారు. ఇప్పుడా సపోర్ట్‌కి ఫోన్ చేస్తే టికెట్ రెయిజ్ చెయ్యమంటారు, అంటే కంప్యూటర్లో ఫిర్యాదు నమోదు చెయ్యమని.

గుజ్జు లెక్క ఇంకా ఘోరం. టన్ను గుజ్జుకి ఇన్ని కిలోల కాయ అని రెసిపీ మాస్టర్‌లో ఒక అంకె బిగించేశారు. సీజన్ మొదట్లో వచ్చే కాయ, ఆఖర్న వచ్చే కాయ ఒక్కలా ఉంటాయా? వాన పడ్డాక కోసినది ఎండలో కోసినట్టే ఉంటుందా? కాయని మాగబెట్టే గదిలో ఉంచిన రోజుల్లోనే బరువు తగ్గుతుంది, అది ప్రకృతి. సిస్టమ్‌కి ఆ తగ్గుదల చెప్పే చోటే పెట్టలేదు. అందుకని రోజూ సాయంత్రం ఎర్ర అక్షరాల్లో స్టాక్ తేడా చూపిస్తోంది. నిన్న షిఫ్ట్ సూపర్‌వైజర్‌కి మెయిల్ వచ్చింది, ఇంత కాయ ఎటు పోయింది, వివరణ ఇవ్వండి అని. ఇరవై ఏళ్లుగా ఆ లైన్ మీద నిలబడ్డ మనిషిని దొంగని అడిగినట్టు అడిగారు. ఆయన ఏం చేస్తాడు? ఇవాళ్టి నుంచి సిస్టమ్‌కి నచ్చే అంకె ఎక్కించి, అసలు అంకె జేబులో చిన్న పుస్తకంలో రాసుకుంటున్నాడు. స్టోర్స్‌లోనూ ఒక పుస్తకం మొదలైంది. తూకం దగ్గర ఒకటి. కోట్లు పోసి తెచ్చినదాని పక్కన మళ్లీ నోటుబుక్కులు! దాన్ని విజయం అని ఫ్లెక్సీ కట్టారు.

తిరుపతిలో ఎంబీయే చదువుతున్న మా అక్క కూతురితో సాయంత్రం ఫోన్లో ఇదంతా చెప్తే, పిన్నీ ఇది మా సిలబస్‌లోనే ఉంది అంది. డెలోన్, మెక్లీన్ అని ఇద్దరు 1992లోనే రాశారట, ఒక సమాచార వ్యవస్థ సక్సెస్ అయిందో లేదో ఎలా చూడాలని. సిస్టమ్ నాణ్యత, అందులోంచి వచ్చే సమాచారం నాణ్యత, జనం నిజంగా వాడుతున్నారా, వాడేవాళ్లు సంతృప్తిగా ఉన్నారా, మనిషికీ సంస్థకీ ఒరిగిందేమిటి. 2003లో దాన్ని సరిదిద్ది సపోర్ట్ ఎలా ఉందన్నదీ చేర్చారు. ఇందులో గో-లైవ్ తేదీ ఎక్కడా లేదు. బడ్జెట్‌లో ముగించామా అన్నదీ లేదు. పిల్లలు కాలేజీలో చదివే పాఠం లక్షల ఫీజు తీసుకునే కన్సల్టెంట్లకి తెలియదా? తెలుసు. తెలిసే కేక్ కోశారు.

కొత్త సిస్టమ్ వచ్చిన మొదట్లో పని మందగిస్తుంది, అది ఎక్కడైనా ఉన్నదే. అందుకే మొదటి వారంలో సక్సెస్ అనకూడదు, ఫెయిల్ అనీ అనకూడదు. సీజన్ అయ్యాక చూడాలి. రైతుకి డబ్బు ఇదివరకటికంటే త్వరగా పడిందా? గోడౌన్‌లో ఉన్న డ్రమ్ములూ స్క్రీన్ మీద ఉన్న డ్రమ్ములూ ఒకటేనా? నెలాఖరు లెక్కలు త్వరగా తేలుతున్నాయా? ఆ పక్క నోటుబుక్కులు మూతపడ్డాయా? ఇవి అడగండి. అడిగేది కూడా హెడ్డాఫీసులో డ్యాష్‌బోర్డ్ చూసుకునే వాళ్లని కాదు, తూకం దగ్గర కూర్చున్న పిల్లవాణ్ని అడగండి.

ఇంత కోపం ఈ ఒక్క రోజుది కాదు లెండి. అసలు మంట వేలిముద్రల మెషీన్ దగ్గర మొదలైంది. కాయ తొడిమెలు తీసి కడిగే చోట పనిచేసేది అంతా ఆడవాళ్లే, చుట్టుపక్కల పల్లెల నుంచి తెల్లవారుజామున ఆటోల్లో వస్తారు. మామిడి సొన సంగతి తెలుసుగా, పడిన చోట తోలు కాలి ఊడిపోతుంది. సీజన్ సగానికి వచ్చేసరికి వాళ్ల వేళ్ల మీద గీతలే ఉండవు. మెషీన్‌లో వేలు పెడితే "మళ్లీ ప్రయత్నించండి" అంటుంది. తుడుచుకుని పెడతారు, నీళ్లతో తడిపి పెడతారు, చీర కొంగుకి రుద్ది పెడతారు. వెనక లైన్ పెరుగుతుంది. ఈలోగా టైము దాటితే ఆ పూట కూలి కట్. పని చేసీ కూలి పోగొట్టుకున్నారు, ఆ పని చేసిన వేళ్ల వల్లే పోగొట్టుకున్నారు. అప్పుడూ నేను చెప్పాను, గేటు దగ్గర హాజరు పుస్తకం కూడా పెట్టండి, మెషీన్ పట్టని వాళ్లు అందులో సంతకం పెడతారని. డిజిటల్ అయ్యాక మళ్లీ పుస్తకమేమిటమ్మా అని హెచ్ఆర్ సారు నవ్వారు. ఆ నవ్వు నేను మర్చిపోలేదు.

ఇప్పుడు ఆ మెషీన్‌ని తెచ్చి నేరుగా ఈఆర్పీ పేరోల్‌కి కలిపారు. ఇంతకుముందు కనీసం ఒక క్లర్కు చూసి, ఈమె వచ్చింది కదా అని చేత్తో దిద్దేవాడు. ఇప్పుడు దిద్దడానికి వీల్లేదు, లాక్. దిద్దాలంటే మళ్లీ హెడ్డాఫీసు అప్రూవల్. ఒక్క పూట కూలి కోసం, సంతకం కూడా సరిగ్గా రాని ఆవిడ, చెన్నైలో కూర్చున్న అధికారికి టికెట్ రెయిజ్ చెయ్యాలా? ఈ ప్రాజెక్టు మీటింగుల్లో "యూజర్" అన్న మాట వెయ్యిసార్లు విన్నాను. ఆ యూజర్లలో ఈ ఆడవాళ్లు లేరు. వాళ్ల జీతం మాత్రం అందులోంచే రావాలి.

రేపు కన్సల్టెంట్ కంపెనీ వాళ్లు వీడియో తీయడానికి వస్తున్నారట, సక్సెస్ స్టోరీ అని వాళ్ల వెబ్‌సైట్‌లో పెట్టుకోవడానికి. రెండు మంచి మాటలు చెప్పమ్మా అని మేనేజర్ గారు అడిగారు. చెప్పనన్నాను. వారం చివర కూలి ఫైల్ పోస్ట్ చెయ్యాల్సింది నేనే. ఈసారి మెషీన్ ఆబ్సెంట్ అని చూపించిన ప్రతి పేరూ లైన్ సూపర్‌వైజర్ పుస్తకంతో సరిచూసి, తేడా ఉన్నవన్నీ కాగితం మీద రాసి ఇస్తాను. అవి దిద్దితేనే పోస్ట్ చేస్తాను. వేరే జ్యూస్ ఫ్యాక్టరీల్లో, పాల డైరీల్లో ఇదే పని చేసేవాళ్లు నా ఫ్రెండ్స్ లిస్టులో చాలామంది ఉన్నారు. మీ దగ్గర ఈ వేలిముద్రల గొడవకి ఏం చేశారో కింద రాయండి, ఆ కాగితంతో పాటు అది కూడా జత చేస్తాను.