నాయకుడు నిలువెత్తు, అనుచరుడు నాణెమంత

నల్లగొండ గడియారం చౌరస్తాలో తల పైకెత్తి చూడనివాడికి కళ గురించి మాట్లాడే అర్హత లేదు. కళంటే చదరపు అడుగుల లెక్క. ఎన్ని అడుగుల ఫ్లెక్సీ కడితే అంత అభిమానం. హుస్సేన్‌సాగర్ నడుమ నిలిచిన ఏకశిలా బుద్ధుడికి రాయి పోయింది కూడా అప్పటి మన జిల్లాలోని రాయగిరి నుంచే. కాబట్టి పెద్దరికం మన నేలలోనే ఉంది.

అలాంటి చోట కొందరు సూక్ష్మ చిత్రాలు గొప్పవంటూ బయలుదేరారు. పుస్తకంలో ఇమిడే బొమ్మలు. ఉడుత తోక వెంట్రుకలతో కుంచె కడతారు. కాగితాన్ని బోర్లా పరిచి నున్నటి రాయితో మెరుపెక్కేదాకా రుద్దుతారు. రాణిగారి మెడలోని ముత్యాల కోసం తెల్లరంగును చిక్కగా, చుక్క పక్కన చుక్క, పైకి ఉబికేలా పెడతారు. ఆ హారం పూర్తయ్యేలోపు మన డీటీపీ కుర్రవాడు ముగ్గురు నాయకుల పుట్టినరోజులు జరిపించేస్తాడు.

పోనీ పరాయి వ్యసనమని తోసేద్దామంటే, మన పాలమూరు పరువే అడ్డొస్తోంది. గద్వాల, వనపర్తి సంస్థానాల్లో ఇలాంటి దక్కనీ చిత్రాలు వేయించారు. హైదరాబాద్ చిత్రకారుడు, కళా సేకర్త జగదీశ్ మిట్టల్ వాటి మీద 1963లోనే ‘మార్గ్’ అనే కళల పత్రికలో వ్యాసం రాశారు. గద్వాల అంటే చీరలేనని నమ్ముకున్న మనకు ఆ సంగతి చెప్పడం ఏం న్యాయం?

చిన్న బొమ్మతో అసలు ప్రమాదం వేరే ఉంది. దాన్ని చూడాలంటే మనిషి ఆగాలి, దగ్గరికి రావాలి, వంగాలి. ఓటరుకు ఇది మంచి అలవాటు కాదు. ఫ్లెక్సీ దగ్గరికి వెళ్లి చూడండి, నాయకుడి చిరునవ్వు ఉత్త రంగు చుక్కలుగా విడిపోతుంది. దగ్గరికి వెళ్లేకొద్దీ సూక్ష్మ చిత్రంలో ఏదో ఒకటి కనబడుతూనే ఉంటుంది. ఫ్లెక్సీలో ఉన్నదీ పోతుంది.

అయితే సంప్రదాయం చచ్చిపోయిందనడం మాత్రం అపవాదు. పాత దర్బారు చిత్రాల్లో ప్రభువును పెద్దగా, కొలువువారిని చిన్నగా వేయడం రివాజు. మనం ఉడుతను వదిలేశాం కానీ ఆ కొలతను వదల్లేదు. ఏ ఫ్లెక్సీ అయినా కింది వరుస చూడండి. చిట్టచివర, తాడు ముడి పక్కన, నాణెమంత గుండ్రంలో ఒక ముఖం. మండల సహాయ కార్యదర్శి కావచ్చు. మీసం తెగిపోకూడదని ప్రింటింగ్ షాపులో గంటసేపు వాదించి ఉంటాడు. సాయంత్రం ఇంటిల్లిపాదీ వచ్చి, ఫోనులో ఫొటో తీసి, రెండు వేళ్లతో సాగదీసి ఆయన్ని వెతుక్కుంటారు. ఏ మ్యూజియంలోనైనా ఇంత శ్రద్ధగల ప్రేక్షకులు దొరుకుతారా?

ఈ కళాపోషణకు మున్సిపాలిటీ తనవంతుగా ప్రతి చౌరస్తాలో ఒక నిచ్చెన, ఒక భూతద్దం పెట్టాలని మనవి. నిచ్చెన కింది వరుస దాకా అందితే చాలు. అంతకు పైకి ఎక్కాలంటే పార్టీ అనుమతి ఉండాలి.