ఉచిత గెత్తం మహోత్సవం

మొన్న ఆదివారం విజయనగరంలో మా కాలనీకి మా చెత్తనే మగ్గబెట్టి చేసిన కంపోస్టు ఉచితంగా పంచారు. ఇంటికి కిలో. దాన్ని గెత్తం అనకూడదట. గెత్తమంటే ఊళ్లో పెరటి గోతిలో మగ్గి, బండ్లకెత్తించుకుని పొలానికి పోయేది. దీనికి కవరుంది, కవరు మీద ముగ్గురి ఫొటోలున్నాయి. కాబట్టి కంపోస్టు. ప్లాస్టిక్ కవరేలెండి, మరి పర్యావరణ కార్యక్రమం కదా.

ఎనిమిదింటికి రమ్మన్నారు. ముఖ్య అతిథిగారు పదకొండుంబావుకి వచ్చారు. ఈలోగా ఆధార్ జిరాక్సులిచ్చి టోకెన్లు తీసుకున్నాం. మనింటి అరటితొక్క మనదేనని రుజువు చేసుకోవాలిగా! శాలువాలయ్యాక మొదటి కవరు నాకే అందించారు. ఫొటో సరిగ్గా రాలేదన్నాడు ఫొటోగ్రాఫరు. వెనక్కిచ్చాను. మళ్లీ అందించారు. ఈసారి నేను నవ్వలేదట. కిలో పెంటకి ఎంత నవ్వాలో లెక్క తెలీక పళ్లన్నీ బయటపెట్టాను. అతిగా ఉందన్నాడు. నాలుగోసారికి కవరు చిరిగి పావుకిలో దాకా అతిథిగారి తెల్ల ప్యాంటు మీద పడింది. దులపడానికి నలుగురు వంగారు. ఆ ఫొటో మాత్రం బ్రహ్మాండంగా వచ్చింది.

ఆ తర్వాత ఉపన్యాసం. తడిచెత్త, పొడిచెత్త వేరుచేసి ఇస్తున్న ఆదర్శ పౌరులకు అభినందనలన్నారు. మేం గట్టిగా చప్పట్లు కొట్టాం. తడి, పొడి, ప్రమాదకరమైనవి అని ఇంట్లోనే మూడుగా విడదీయాలని 2016లోనే నిబంధన పెట్టారు. మాది మాత్రం ఒకటే రకం: మూతి బిగించిన నల్ల కవరు. అందులోనే పాచిపోయిన సాంబారు, పిల్లాడి డైపరు, పగిలిన గాజుగ్లాసు.

మరి విడదీసిందెవరు? కంపోస్టు షెడ్డులో పనిచేసే ఇద్దరు ఆడవాళ్లు. కవర్లు చింపి ఏరింది వాళ్లు. రెండు నెలలు నీళ్లు చల్లి కుప్పలు తిరగేసింది, జల్లెడ పట్టింది వాళ్లు. మగ్గే కుప్ప లోపల వేడి అరవై డిగ్రీలకి వెళ్తుంది, అందులో వట్టి చేతులు. పంపిణీ అయ్యాక ఒకామె దగ్గరికొచ్చి, "గోంగూర మడిలోకి ఓ దోసెడు గెత్తం ఇప్పించండి బావూ" అంది. చూపుడువేలికి గుడ్డపీలిక చుట్టి ఉంది.

"ఇది కాలనీ వాళ్లకేనమ్మా, టోకెనుండాలి" అన్నారు.

టోకెను! మన కంపు చేతులతో ఎత్తిన మనిషికి టోకెను! సిగ్గుండక్కర్లేదూ? గ్లౌజులకి డబ్బుల్లేవుగానీ శాలువాలకి ఉన్నాయి. అంతసేపు చప్పట్లు కొట్టిన మనలో ఒక్కరైనా తన కవరు ఆమె చేతిలో పెట్టారా? నేనూ పెట్టలేదు. ఫొటోలో పడ్డ కవరు కదా.

ఇంటికొచ్చి మల్లె కుండీలో పోస్తుంటే జల్లెడ తప్పించుకున్న ముక్కేదో తళుక్కుమంది. విరిగిన బ్లేడు కొస. నేను వాడే రకమే.