పేరున్న వక్తల కన్నా పని పంపకమే ముఖ్యం
రకరకాల పనులు చేసేవాళ్లు బడికి వచ్చి తమ పని గురించి పిల్లలకు చెప్పే కెరీర్ డే బాగా జరగాలంటే పేరున్న వక్తలు దొరకాలని ఒక వ్యాసంలో రాశారు. నేను ఒప్పుకోను. మా ఊరి హైస్కూల్లో టీచర్లు, తల్లిదండ్రులు కలిసి చేసినప్పుడు కార్యక్రమాన్ని నిలబెట్టింది పని పంపకమే. ఒకరు ఫోన్లు చేశారు, ఒకరు ఏ క్లాసు ఏ గదికి వెళ్లాలో చూసుకున్నారు, ఇంకొకరు టైమ్ అయిందని గుర్తు చేయడానికే ఉన్నారు. ఈ చివరి పని చిన్నదిగా కనిపిస్తుంది కానీ, అది లేకపోతే మొదటి వక్తే గంటసేపు మాట్లాడేస్తారు, డ్యూటీ మధ్యలో వచ్చిన నర్సు మాట్లాడకుండానే వెళ్లిపోవాల్సి వస్తుంది. పిల్లలు ఎక్కువ ప్రశ్నలు అడిగింది కూడా లైన్‌మన్‌నే, స్తంభం ఎక్కే ముందు కరెంటు ఎలా ఆపిస్తారని. 2020 జాతీయ విద్యా విధానం కూడా 6 నుంచి 8 తరగతుల పిల్లలు 10 రోజులు పుస్తకాల సంచి లేకుండా వడ్రంగులు, తోటమాలులు, కుమ్మరుల లాంటి స్థానిక పనివాళ్ల దగ్గర నేర్చుకోవాలనే చెప్పింది. వాళ్లంతా మన వీధిలోనే ఉన్నారు, పిలిస్తే వస్తారు.