మోటారు ఉయ్యాల గారి సముఖానికి

గౌరవనీయులైన మోటారు ఉయ్యాల గారికి,

పడకగది పైకప్పుకు ఉన్న కొక్కేనికి వేలాడుతూ మా ఇంటిని ఏలుతున్న తమరికి నమస్కారాలు.

తమరు విచ్చేయకముందు ఆ కొక్కేనికి పాత నేతచీర ఉయ్యాల ఉండేది. దాని తాడు కొసను కాలి బొటనవేలికి కట్టుకుని మా అత్తగారు బియ్యంలో రాళ్లు ఏరుకునేవారు. ఆవిడకు టైమరు లేదు, వారంటీ అసలే లేదు. అయినా పాప పడుకుందో లేదో తాడు లాగుడులోనే తెలిసిపోయేది. ఈ కాలంలో కూడా చేత్తో ఊపుతారా అని చుట్టాలు ముక్కున వేలేసుకోవడంతో తమరిని రప్పించుకున్నాం.

తమరు వచ్చాక ఊపే పని తప్పింది నిజమే. దాని స్థానంలో తమరికి కాపలా కాసే పని వచ్చింది. పదిహేను నిమిషాల మీట నొక్కితే సరిగ్గా పదిహేనో నిమిషానికి తమరు టక్కున ఆగుతారు, పాప కళ్లు టక్కున తెరుచుకుంటాయి. పసిపిల్లలు కన్ను మూయగానే గాఢనిద్రలోకి జారుకోరని తమరిని తయారుచేసిన వారికి ఎవరూ చెప్పినట్టు లేదు. మొదట వచ్చేది కలత నిద్రే. రెప్పల కింద కనుగుడ్లు కదులుతాయి, పెదవులు ముడుచుకుంటాయి, ఉన్నట్టుండి ఓ చిరునవ్వు. దేవుడు నవ్విస్తున్నాడని అత్తగారంటారు. సరిగ్గా ఆ ఘట్టంలోనే తమరి స్ప్రింగు కీచుమంటుంది. కొబ్బరినూనె రాశాం. కీచు తగ్గలేదు, గదంతా పచ్చడి తాలింపు వాసన మాత్రం వచ్చింది.

అయినా తమరి సామర్థ్యాన్ని శంకించను. ఊపితే ఏడుపు తగ్గుతుందన్నది శాస్త్రం ఒప్పుకున్న మాటే. కాకపోతే 2022లో జపాన్‌లోని రికెన్ అనే పరిశోధన సంస్థవారు మరో సంగతి తేల్చారు. ఏడ్చే బిడ్డను ఎత్తుకుని 5 నిమిషాలు నడవాలి. నిద్రపట్టాక వెంటనే దించకుండా ఇంకో 5 నుంచి 8 నిమిషాలు ఒళ్లో పెట్టుకుని కూర్చోవాలి. బిడ్డ ఉలిక్కిపడేది పరుపు తగిలినప్పుడు కాదట, మన ఒంటి నుంచి విడివడటం మొదలైనప్పుడట. తమరికి ఒళ్లు లేదు కాబట్టి ఈ పేరా తమరికి వర్తించదు. మా అత్తగారు ఆ పత్రం చదవకుండానే, పాప చేతి పట్టు సడలేదాకా మంచం మీద దించనివ్వరు.

ఇక తమరి గుడ్డ నడుమ పడే గుంట సంగతి. పాప అందులోకి కుంగి, గడ్డం ఛాతీకి ఆనుకుంటుంది. అలా ఆనితే ఊపిరికి ఇబ్బందని, నిద్రపట్టాక చదునైన గట్టి పరుపు మీద వెల్లకిలా పడుకోబెట్టమని పిల్లల డాక్టరు గట్టిగా చెప్పారు. అమెరికాలోనైతే 10 డిగ్రీలకు మించి వాలుగా ఉండే పసిపిల్లల పడకలను 2022లో చట్టం చేసి మరీ నిషేధించారు. తమరి వాలు కొలవడానికి నా దగ్గర కోణమానిని లేదు, కొలిచే ధైర్యమూ లేదు.

అసలు ఫిర్యాదు ఇప్పుడు. నెలల పిల్లల నిద్ర గంటకోసారి పలచబడుతుంది. అప్పుడు మెలకువ వస్తే, పడుకునేటప్పుడు ఏముందో అదే మళ్లీ కావాలంటారు. మా పాపకు కావలసింది తమరు. సంక్రాంతికి పుట్టింటికి వెళ్తే దూలం ఉన్న గదిలో ప్లగ్గు లేదు, ప్లగ్గు ఉన్న గదిలో దూలం లేదు. అర్ధరాత్రి మా ఆయన పాపను భుజాన వేసుకుని, తమరి కీచు శబ్దాన్ని నోటితో అనుకరిస్తూ వాకిట్లో పచార్లు చేశారు. మా నాన్నగారు లేచి వచ్చి, అల్లుడికి ఆయాసమేమోనని కంగారుపడ్డారు.

అందుచేత తమరికి ఉద్వాసన చెప్పాలని నిర్ణయించాం. అయితే నిన్న మా ఆడపడుచు ఫోను చేసింది. తనకు నెల తప్పిందట. మీ ఉయ్యాల బాగానే పనిచేస్తోందా వదినా అని అడిగింది.

బ్రహ్మాండంగా పనిచేస్తోందని చెప్పాను.

ఇట్లు,
తమరి రిమోటు మోసే మనిషి