సవరణ: ఫార్చ్యూనర్ వెనక సీట్లు విప్పడం గురించి

కడియం నర్సరీల నుంచి మొక్కలు తెచ్చుకోవాలంటే ఫార్చ్యూనర్ మూడో వరస సీట్లు విప్పేయండి, బోల్టులు తీస్తే చాలు, ఏ ఇబ్బందీ ఉండదు అని పోయిన వారం రాశాను. ఆ చివరి మాట తప్పు. అది చదివి రావులపాలెంలో ఒక తమ్ముడు పని మొదలుపెట్టేశాడని తెలిసిన దగ్గర్నుంచి నాకు టెన్షన్‌గా ఉంది.

ఆర్సీలో 7 సీట్లు అని ఉంటుంది. ఆ వివరాలకు తేడా వచ్చేలా బండిని మార్చకూడదని 1988 మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 చెబుతోంది. 2019 సవరణతో వచ్చిన 182ఎ కింద ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా గానీ, 6 నెలల వరకు జైలు గానీ, రెండూ గానీ పడొచ్చు.

నిజానికి విప్పక్కర్లేదు. ఆ సీట్లు రెండు ముక్కలుగా పక్కలకు లేచి మడుచుకుంటాయి. వెడల్పు కాస్త తగ్గినా, కొబ్బరి మొక్కలకీ నాలుగు అరటి గెలలకీ సరిపోతుంది. అంతకు మించితే ట్రక్కు ఆటో మాట్లాడుకోండి.

ఇప్పటికే విప్పినవాళ్లు దయచేసి తిరిగి బిగించండి. చేతి అంచనాతో కాదు, బోల్టు బిగువును కొలిచి బిగించే టార్క్ రెంచ్‌తో, కంపెనీ చెప్పిన బిగువుకే. ఆ వరసలో ఎక్కువగా కూర్చునేది మన పిల్లలే.