కెమెరాలోనే తీసేస్తే గ్రాఫిక్స్‌తో పనే ఉండదా?

అందరూ షేర్ చేస్తున్న మాట ఇది: "ఎఫెక్ట్‌లన్నీ కెమెరాలోనే (అంటే సెట్లు, మోడళ్లు, ట్రిక్కులతో షూటింగ్‌లోనే) తీస్తే గ్రాఫిక్స్ అక్కర్లేదు, ఖర్చు తక్కువ, చూడటానికి ఎప్పుడూ నిజంలాగే ఉంటాయి." మూడు ముక్కలూ తప్పే. అయితే మూడూ ఒకే రకం తప్పులు కావు.

గ్రాఫిక్స్ అక్కర్లేదనేవాళ్లు ముందుగా చూపించేది 2015 నాటి 'మ్యాడ్ మ్యాక్స్: ఫ్యూరీ రోడ్'. నిజమే, అందులో బండ్లను ఎడారిలో నిజంగానే గుద్దించారు, పరుగెత్తే బండ్ల మీద పొడవాటి కర్రలకు స్టంట్‌వాళ్లు నిజంగానే వేలాడారు. కానీ ఆ సినిమాలోనే కంప్యూటర్ చెయ్యి పడిన షాట్లు దాదాపు 2,000. తాళ్లు చెరిపారు, ఆకాశాలు మార్చారు, నాయిక పాత్రకు ఒక చెయ్యి ఉండదు కాబట్టి నటి ఎడమ చేతికి ఆకుపచ్చ తొడుగు వేయించి, తర్వాత ఆ చేతిని కంప్యూటర్‌లో చెరిపేశారు. చక్కగా చెరిపారు కాబట్టే 'అంతా అసలే' అని మనం వాదించుకుంటున్నాం.

ఇక ఖర్చు. '2001: ఎ స్పేస్ ఒడిస్సీ' (1968) కోసం తిరిగే చక్రంలాంటి సెట్ కట్టారు. నటుడు అడుగునే పరుగెత్తుతుంటే సెట్టే అతని చుట్టూ తిరిగేది. దానికి దాదాపు 7.5 లక్షల డాలర్లు అయిందంటారు, అదీ ఆ రోజుల్లో! చౌక ట్రిక్కులూ లేకపోలేదు. 1927 నాటి 'మెట్రోపొలిస్'లో కెమెరా ముందు అద్దాన్ని 45 డిగ్రీల్లో నిలబెట్టారు. అద్దంలో చిన్న మోడల్ ప్రతిబింబం పడుతుంది. నటులు కనిపించాల్సిన మేర వెనక పూత గీకేస్తే, ఆ గాజులోంచి దూరంగా ఉన్న మనుషులు కనిపిస్తారు. సామాను చవకే, కానీ నటుడు ఆ గీకేసిన మేర దాటాడో, చెయ్యి మాయం. మళ్లీ టేక్.

మూడోది, 'ఎప్పుడూ నిజంలాగే'. దీని దగ్గర కాస్త ఆగాలి. గోపురాన్ని 1/16 సైజులో కట్టి కూల్చారనుకోండి. పడాల్సిన ఎత్తు 16 రెట్లు తగ్గింది కాబట్టి నాలుగు రెట్లు త్వరగా పడిపోతుంది, బొమ్మ అని ఇట్టే తెలిసిపోతుంది. అందుకే సెకనుకు 24 బదులు 96 ఫ్రేములు (విడి ఫొటోలు) తీసి, మామూలు 24 వేగంతోనే చూపిస్తారు, పడటం నాలుగు రెట్లు నెమ్మదిస్తుంది. కానీ అప్పుడు ఒక్కో ఫ్రేముకు అందే వెలుతురు నాలుగో వంతే, కాబట్టి లైట్లు నాలుగు రెట్లు పెంచాలి. పైగా మోడల్ అంతా ఫోకస్‌లో ఉండాలంటే లెన్స్ రంధ్రం ఇంకా చిన్నది చేయాలి, మళ్లీ లైట్లు. ఆ వేడికి మోడల్ రంగే కరిగిపోతుందేమోనని టెన్షన్ వేరే.

ఇంత చేసినా నీళ్లు మాట వినవు. ఓడను 16 రెట్లు తగ్గించొచ్చు, నీటి చుక్కను తగ్గించలేం. 4 మిల్లీమీటర్ల చుక్క ఆ ఓడ పక్కన టెన్నిస్ బంతంత కనిపిస్తుంది. మంటదీ ఇదే గొడవ. అందుకే నీళ్లలో దించే మోడళ్లను వీలైనంత పెద్దగా, 1/4 సైజులోనో ఇంకా పెద్దగానో కడతారు. అంటే దాదాపు ఓడే కట్టినట్టు. తక్కువ ఖర్చు అన్నవాళ్లు ఆ బిల్లు ఒకసారి చూడాలి.