ఎముకల మీద పందెం

2014 ఫిబ్రవరి 4న అమెరికాలోని కెంటకీ రాష్ట్రంలో, బైబిలు సృష్టి కథ అక్షరాలా జరిగిన చరిత్రేనని నమ్మే సృష్టివాదులు కట్టుకున్న మ్యూజియంలోనే, జీవులు సృష్టి ఫలమా, పరిణామ ఫలమా అని ఒక బహిరంగ చర్చ జరిగింది. ఒకవైపు సైన్సును జనానికి చేరువ చేసిన బిల్ నై, మరోవైపు ఆ మ్యూజియం వ్యవస్థాపకుడు కెన్ హామ్. గంటల తరబడి సాగిన వాదనలో చాలామందికి గుర్తుండిపోయింది సభికుల నుంచి వచ్చిన ఒక్క ప్రశ్నే: ఏం చూపిస్తే మీరు అభిప్రాయం మార్చుకుంటారు? ఒక రాతి పొరలో ఉండాల్సిన శిలాజం మరో పొరలోకి ఈదుకుపోయిందని చూపించండి చాలు, అన్నట్టుగా నై జవాబిచ్చారు. తాను క్రైస్తవుణ్నని, దేవుని వాక్యం నిజం కాదని తనను ఎవరూ ఒప్పించలేరని హామ్ చెప్పారు.

ఇద్దరూ దాపరికం లేకుండానే మాట్లాడారు. కానీ హామ్ మాటలో ఒక మెలిక ఉంది. క్రైస్తవుణ్ని కాబట్టి జీవపరిణామాన్ని ఒప్పుకోను అనడంతో, దాన్ని ఒప్పుకునే క్రైస్తవులందరినీ ఆయన గుమ్మం బయట నిలబెట్టేశారు. వాళ్లేమీ అనామకులు కారు. పరిణామ సిద్ధాంతం ఉత్త ఊహ స్థాయిని దాటిందని 1996లో పాంటిఫికల్ సైన్స్ అకాడమీకి రాసింది పోపు రెండో జాన్ పాల్. అమెరికాలో డార్విన్ తరఫున మొదట గట్టిగా నిలబడిన వృక్షశాస్త్రవేత్త ఏసా గ్రే నిష్ఠగల ప్రెస్బిటేరియన్. మానవ జీనోమ్ ప్రాజెక్టును నడిపిన ఫ్రాన్సిస్ కాలిన్స్ ఎవాంజెలికల్ విశ్వాసి. శిలాజాలా, క్రీస్తా, తేల్చుకోండి అని నిలదీసేవాళ్లు ముందు వీరికి సమాధానం చెప్పాలి.

అసలు రాతి పొరలను చదవడం నేర్పింది ఎవరు? కింది పొర పాతది, పై పొర కొత్తది అన్న సూత్రాన్ని 1669లో రాసిన నికొలాస్ స్టెనో తర్వాత కాథలిక్ బిషప్ అయ్యారు. భూచరిత్రలోని కేంబ్రియన్ యుగానికి పేరు పెట్టిన ఆడమ్ సెడ్జ్‌విక్ ఆంగ్లికన్ గురువు. నోవహు జలప్రళయమే గులకరాళ్ల మేటలను పరిచిందని ఒకప్పుడు నమ్మిన ఆయన, ఆధారాలు అలా లేవని తేలాక, 1831లో లండన్ జియలాజికల్ సొసైటీ అధ్యక్ష పీఠం మీది నుంచే ఆ మాటను వెనక్కి తీసుకున్నారు. నిండు సభలో అంత పని చేయడానికి ఎంత గుండె కావాలో ఆలోచించండి. ఆ ఏడాదే తన వెంట వేల్స్ కొండలకు తీసుకెళ్లి భూగర్భశాస్త్రం నేర్పిన కుర్రవాడు చార్లెస్ డార్విన్. 1859లో పరిణామం మీద శిష్యుడు రాసిన పుస్తకం చదివి సెడ్జ్‌విక్ బాధపడ్డారు, వ్యతిరేకించారు కూడా. అయినా భూమి వయసు ఆరు వేల ఏళ్లేనని మాత్రం వాదించలేదు. సృష్టి క్రీస్తుపూర్వం 4004లో జరిగిందని ఆర్చిబిషప్ జేమ్స్ అషర్ 1650లో వేసిన లెక్క, డార్విన్ కలం పట్టేనాటికే భూగర్భ శాస్త్రవేత్తల దగ్గర చెల్లుబాటు కాకుండా పోయింది.

అంతకు చాలా ముందే, అయిదో శతాబ్దపు తొలి రోజుల్లో, క్రైస్తవ వేదాంతి అగస్టీన్ బైబిల్లోని సృష్టి గ్రంథమైన ఆదికాండం మీద వ్యాఖ్య రాస్తూ ఒక హెచ్చరిక చేశారు. ఆకాశం గురించి, జంతువుల గురించి అవిశ్వాసికి కూడా బాగా తెలిసిన విషయాల్లో క్రైస్తవుడు లేఖనం పేరు చెప్పి తప్పు మాట్లాడితే, నవ్వులపాలయ్యేది ఆ మనిషి ఒక్కడే కాదు, లేఖనం కూడా అన్నది దాని సారం. 'అస్తమయమును ఉదయమును కలుగగా ఒక దినమాయెను' అన్న వాక్యంలో దినం అంటే ఏమిటో చెప్పడం చాలా కష్టమని ఆయన దాచుకోకుండా రాశారు. సూర్యుడు నాలుగో దినాన గానీ రాలేదు కదా మరి.

ఇక శిలాజాల సంగతి. జీవజాతుల మధ్య లంకెలు ఎక్కడ అని డార్విన్ తనను తానే అడుగుకున్నారు. శిలాజ చరిత్ర ఎంత అసంపూర్ణమో చెప్పడానికి ఆయన తన పుస్తకంలో ఒక అధ్యాయమే కేటాయించారు. రెండేళ్లు తిరగకముందే జర్మనీలోని సోల్న్‌హోఫెన్ సున్నపురాయిలో, పక్షి ఈకలూ పొడవాటి ఎముకల తోకా ఉన్న ఆర్కియోప్టెరిక్స్ బయటపడింది. దాని వయసు 15 కోట్ల ఏళ్లు. అయితే మమ్మల్ని ఎక్కువగా ఆకట్టుకునేది టిక్టాలిక్ కథ. చేపలకూ కాళ్లున్న జీవులకూ నడిమి రకం ఉంటే అది దాదాపు 37.5 కోట్ల ఏళ్ల నాటి, నదులు పరచిన రాళ్లలో ఉండాలని శిలాజ శాస్త్రవేత్తలు నీల్ షూబిన్, టెడ్ డాష్లర్ లెక్క వేసుకున్నారు. అలాంటి రాళ్లు పైకి తేలిన చోటు ఉత్తర ధ్రువానికి దగ్గరలో ఉందని భూగర్భ పటాలు చూసి ఎంచుకున్నారు. ఏళ్ల తరబడి వెతికితే 2004లో కెనడాలోని ఎల్స్‌మియర్ దీవిలో దొరికింది. పొలుసులూ రెక్కలూ చేపవి, మెడ మాత్రం చేపకు లేనిది. రెక్క లోపల మన మణికట్టును పోలిన ఎముకలు.

ఇక్కడ ఇంకో సంగతి దాచకూడదు. 2010లో పోలండ్‌లో నాలుగు కాళ్ల జీవి అడుగుజాడలంటూ కొన్ని ముద్రలు వెలుగుచూశాయి. అవి టిక్టాలిక్ కన్నా పాతవి. ఇంకేం, మీ లంకె తెగిపోయిందన్నారు సృష్టివాదులు. తెగింది లంకె కాదు, టిక్టాలిక్ మనకు ముత్తాత అనుకున్నవాళ్ల భ్రమ. తాత ఇంకా బతికి ఉండగా మనవడు పుట్టడం వింత కాదు, పినతాత మనవడి కన్నా ఎక్కువ కాలం బతకడమూ వింత కాదు. ఆ ముద్రల మీద శాస్త్రవేత్తల్లోనే తర్కం సాగింది. కాలక్రమం కొంత వెనక్కి జరగొచ్చు. చేప రెక్కలో మణికట్టు ఉన్న సంగతి మాత్రం ఎక్కడికీ పోదు.

మోసాలూ జరిగాయి. 1912లో ఇంగ్లండ్‌లో ప్రకటించిన పిల్ట్‌డౌన్ మనిషి, మనిషి పుర్రెకు ఒరాంగుటాన్ దవడ అతికించిన దొంగ సరుకని 1953లో గానీ బయటపడలేదు. నాలుగు దశాబ్దాలు మోసపోయిన పండితులను సృష్టివాదులు వెక్కిరిస్తే మేము అడ్డుపడం. వెక్కిరించదగ్గదే. కానీ గుట్టు రట్టు చేసింది ఎముకల్లో చేరిన ఫ్లోరిన్‌ను కొలిచి పరీక్షించిన శాస్త్రవేత్తలే. అవతలి వైపు చూస్తే, టెక్సస్‌లోని పలక్సీ నదిలో రాక్షసబల్లుల అడుగుల పక్కనే మనిషి అడుగులున్నాయని దశాబ్దాల పాటు ప్రచారం సాగింది. దగ్గరగా పరిశీలించాక అవీ రాక్షసబల్లులవేనని తేలింది. 1986లో కొందరు ప్రముఖ సృష్టివాదులే వెనక్కి తగ్గారు. అది మర్యాదైన పని. దాన్ని గుర్తుపెట్టుకున్నవాళ్లే తక్కువ.

ఈ తగాదాలో ఇద్దరి మధ్యా నలిగిన మనిషి శిలాజ శాస్త్రవేత్త మేరీ ష్వైట్జర్. మోంటానాలో దొరికిన ఒక టైరనోసారస్ తొడ ఎముకను హెలికాప్టర్‌లో పట్టించడానికి విరగ్గొట్టాల్సి వచ్చింది. ఆ ముక్కలను ఆమె పలచని ఆమ్లంలో నానబెడితే, ఖనిజం కరిగిపోయాక సాగే గుణమున్న మెత్తని పదార్థం, రక్తనాళాల్లాంటి గొట్టాలు మిగిలాయి. 2005లో ఈ వార్త రాగానే, 6.8 కోట్ల ఏళ్లు మెత్తగా ఉంటుందా, భూమి చిన్నదేనని రుజువైపోయింది అంటూ సృష్టివాదులు పండగ చేసుకున్నారు. ఒకప్పుడు తానూ భూమి వయసు కొన్ని వేల ఏళ్లేనని నమ్మిన ష్వైట్జర్, ఇప్పటికీ క్రైస్తవ విశ్వాసే అయిన ష్వైట్జర్, తన పనిని అలా వాడుకోవద్దని గట్టిగా చెప్పారు. రక్తంలోని ఇనుము కణజాలాన్ని చెడకుండా కాపాడి ఉండొచ్చని 2013లో ప్రయోగం చేసి చూపారు. మరోవైపు ఆ మెత్తని పదార్థం బ్యాక్టీరియా జిగురేమోనని తోటి శాస్త్రవేత్తలూ ఆమెను వదల్లేదు. వాళ్లు అడగాల్సిందే. వాళ్ల పని అది.

కోర్టుల కథ అందరికీ తెలిసిందే కాబట్టి క్లుప్తంగా చెబుతాం. 1925 జులైలో టెనసీలోని డేటన్‌లో జాన్ స్కోప్స్ అనే ఉపాధ్యాయుడికి, పరిణామం బోధించినందుకు, వంద డాలర్ల జరిమానా పడింది. ఆ విచారణలో బైబిలు తరఫున నిలిచిన విలియం జెన్నింగ్స్ బ్రయన్ సాక్షి పీఠమెక్కి, సృష్టి దినాలు 24 గంటలవి కానక్కర్లేదని ఒప్పుకున్నారు. నేటి సృష్టివాదులకు ఆ మాట మింగుడుపడదు. 2005లో పెన్సిల్వేనియాలోని డోవర్ కేసులో, జీవులను ఏదో తెలివైన శక్తి రూపొందించిందనే 'తెలివైన రూపకల్పన' వాదం పాత సృష్టివాదమేనని న్యాయమూర్తి జాన్ జోన్స్ తీర్పిచ్చారు. అక్కడి స్కూలు బోర్డు సిఫారసు చేసిన పాఠ్యగ్రంథం చిత్తుప్రతుల్లో దాన్ని తయారుచేసినవాళ్లు 'సృష్టివాదులు' అన్న మాట కొట్టేసి 'రూపకల్పన సమర్థకులు' అని అతికించబోయి, ఒకచోట రెండూ కలగలిసిన మాటను అలాగే వదిలేశారు. లంకె దొరకలేదని వాదించినవారి చేతిరాతలోనే లంకె దొరికిందని అప్పట్లో నవ్వుకున్నారు. మేమూ నవ్వుకున్నాం. ఆ కేసులో పరిణామం తరఫున మొదటి సాక్షి, జీవశాస్త్రవేత్త కెనెత్ మిల్లర్, కాథలిక్.

దేవుడు లేడని శిలాజాలు తేల్చేశాయని చాటేవాళ్లతోనూ మాకు పేచీ ఉంది. తిమింగలం పూర్వీకుల వెనకకాళ్లు ఎలా కుంచించుకుపోయాయో రాయి చెబుతుంది. మోకరించాలా వద్దా అన్నది దాన్ని అడగడం, తూకం రాయిని పాట పాడమనడమే. సైన్సు పాఠం చెబుతూ విశ్వాసి పిల్లవాణ్ని ఎగతాళి చేసే ఉపాధ్యాయుడు ఒక జీవశాస్త్ర విద్యార్థిని పోగొట్టుకుంటాడు. వేదిక మీది నుంచి ఏ లంకే దొరకలేదని ఘంటాపథంగా చెప్పే బోధకుడు, ఆ పిల్లవాడు పెద్దయి మ్యూజియంలో అడుగుపెట్టిన రోజు, తన మాటంతటి మీదా నమ్మకం పోగొట్టుకుంటాడు.

కాబట్టి మేము అడిగేది చిన్న విషయం. పరిణామ పాఠాన్ని తరగతిలో దాటవేయకండి, గొణిగి వదలకండి. టిక్టాలిక్ బొమ్మ ముందు పెట్టి, ఆ రెక్కలో భుజం ఏది, మోచేయి ఏది, మణికట్టు ఏది అని పిల్లల చేతే గుర్తుపట్టించండి. సార్, మరి ఆదాము సంగతి అని ఎవరైనా అడిగితే, ఆదికాండాన్ని ఎలా చదవాలన్న ప్రశ్న అగస్టీన్‌కూ ఎదురైందని చెప్పండి.